రాజన్న కోడె కూర్చున్న పూట

బసవలింగం అయ్యగారిని ఎవరేం అడిగినా ముందు నవ్వేవారు. ఆ నవ్వుకు అడిగినవాడికి ఒళ్లు మండేది. జవాబు ఆ తర్వాతే.

ఒకనాడు శిష్యుడు నాగభూషణం వేములవాడ ప్రయాణానికి రాసుకున్న కాగితం తెచ్చి ఆయన ముందు పరిచాడు. ఆరింటికి ధర్మగుండంలో స్నానం, ఏడింటికి కోడె మొక్కు, ఎనిమిదింటికి రాజన్న దర్శనం, పదింటికి తిరుగు బస్సు. పాపం, మూడు రోజులు కూర్చుని రాశాడు.

"అయ్యా, నాకు దొరికింది ఒక్క పూట. ఒక్క నిమిషం కూడా వృథా పోకుండా చూసుకున్నాను. ఇట్లా వెళ్లొస్తే యాత్రాఫలం దక్కుతుందా?"

అయ్యగారు నవ్వారు. "జగిత్యాల ఓదెలు గూడ ఇట్లనే పోయిండు," అంటూ అందుకున్నారు.

ఓదెలు బస్టాండులో కంట్రోలరు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, డ్రైవరు మీద అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. ఇంట్లోనూ అంతే. భార్య కనకవ్వ నోట్లో ముద్ద పెట్టుకునేలోపే "కానీ, కానీ" అని తరిమేవాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ ఇల్లాలు ఒక్క ముచ్చటైనా ఆయనకు పూర్తిగా చెప్పి ఎరగదు. అలాంటి మనిషి, కోడె మొక్కుంది తీసుకుపొమ్మని పట్టుబట్టింది. సరేనని ఆయన ఒక్క పూట సెలవు పెట్టాడు.

వేములవాడలో మొక్కినవాళ్లు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి తెచ్చి కట్టేయాలి. చుట్టు పూర్తయితేనే మొక్కు చెల్లినట్టు. ఓదెలు పగ్గం అందుకుని పరుగులాంటి నడక మొదలుపెట్టాడు. సగం చుట్టు తిరిగిందో లేదో కోడె ఆగింది. ఆయన మొహంలోకి ఓసారి చూసి, నిదానంగా మోకాళ్లు ముడిచి కూర్చుని, నెమరు వేయసాగింది. లాగాడు, అదిలించాడు, బతిమాలాడు. ఊహూఁ! రాజన్న కోడె, చెయ్యి చేసుకోవడానికీ లేదు. అవతల బస్సుకు వేళవుతోంది.

"ఇగ చాలు, పోదాం పా," అన్నాడు.

కనకవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "సగం మొక్కుతోని నేను ఇంటికి రాను. నువ్వు పో." పెళ్లయ్యాక ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు.

వెనకున్నవాళ్లు ఊరుకుంటారా? "ఏమన్నా, నీకంటే కోడెకే ఎక్కువ తెలివున్నట్టున్నది!" అని ఆటపట్టించారు. చేసేది లేక ఓదెలు కోడె పక్కనే చతికిలబడ్డాడు. కనకవ్వ కూడా కూర్చుంది. ఏమీ తోచక, బయలుదేరే ముందే అడగాల్సిన మాట అప్పుడు అడిగాడు.

"ఇంతకూ ఏమని మొక్కినవే?"

ఆమె తల దించుకుంది. "నా మొగనికి తొందర తగ్గాలె, ఒక్కసారన్న నా పక్కన నిమ్మలంగ కూసోవాలె అని."

ఓదెలు కోడెను చూశాడు. అది తీరిగ్గా నెమరు వేస్తూనే ఉంది. ముందు కనకవ్వకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఓదెలు పొట్ట పట్టుకుని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇక కనకవ్వ నోరు విప్పింది చూడండి, ఇరవై ఏళ్ల ముచ్చట్లు! ఆయన నడుమ అడ్డురాకుండా విన్నాడు. కోడె దానంతట అది లేచాక, దాని వెనకాలే నడిచి చుట్టు పూర్తి చేశారు.

నాగభూషణం మనసు నిండిపోయింది. అయినా పట్టలేక అడిగాడు. "మరి ఏ బస్సుకు తిరిగొచ్చారయ్యా?"

"నేను గూడ అదే అడిగిన బిడ్డా," అన్నారు అయ్యగారు. "బస్టాండు కంట్రోలరు, ఆయనకే యాది లేదట."