నీలం తిరగని చేప

యోస్ట్ మఠంలో చేరి ఆరేళ్లయింది. జీవితాంతం సన్యాసిగా ఉంటానని చేసే శాశ్వత వ్రతం ఇప్పించమని మఠం పెద్ద ఫాదర్ కిలియన్‌ని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆయన ఒకటే మాట అన్నారు. "ఇంకా కాదు నాయనా."

ఎందుకు కాదో ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా తనకు తెలుసనుకున్నాడు యోస్ట్. మఠానికి రాకముందు అతను బీరు దుకాణాల్లో అకార్డియన్ వాయిస్తూ పాడేవాడు. బల్లలెక్కి పాడేవాడు. అతను గొంతెత్తితే దుకాణమంతా వంత పాడేది. ఆ మరక ఇంకా పోలేదని అతని బాధ.

అందుకే మఠం గుమ్మం తొక్కిన రోజునే అకార్డియన్ ఎవరికో ఇచ్చేశాడు. ప్రార్థనలో అందరూ పాడుతుంటే పెదవులు మాత్రం కదిపేవాడు. మిగతా సమయమంతా రుద్దుడే. గచ్చు రుద్దేవాడు, గిన్నెలు రుద్దేవాడు, చన్నీళ్లు పోసుకుని ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దుకునేవాడు. కడిగిన ముత్యంలా తయారైతే తప్ప దేవుడు తనని తీసుకోడని అతని నమ్మకం. దేవుడు ముత్యాల వ్యాపారం పెట్టాడని పాపం అతనికి ఎవరు చెప్పారో!

జర్మనీలో చెరువులు ఎక్కువగా ఉన్న వైపు ఉంది ఆ మఠం. మనం బంగారు తీగ అనే చేప ఆ చెరువుల్లో పెరుగుతుంది. క్రిస్మస్ ముందురోజు దాన్ని నీలంగా వండుకోవడం అక్కడి ఆనవాయితీ. రంగేమీ వేయరు. పొలుసులు తీయకుండా మరిగే వెనిగర్ పోస్తే చేపే నీలం తిరుగుతుంది. తర్వాత ఉల్లిపాయ, క్యారెట్, బిర్యానీ ఆకు వేసిన నీళ్లలో సన్నసెగ మీద ఉడికించి, బంగాళాదుంపలతో, కరిగించిన వెన్నతో తింటారు.

ఆ యేడు వంట యోస్ట్ వంతు వచ్చింది.

"రెండు చేపలున్నాయి. పొట్టలు తీసేశాను. చేతులు తడుపుకుని పట్టుకో," అన్నారు ఫాదర్ కిలియన్. అంతకుమించి చెప్పలేదు.

యోస్ట్ కొండల్లో పుట్టినవాడు. చేప తినడమే గానీ వండటం ఎరగడు. పట్టుకోగానే చేప జర్రున జారింది. ఒళ్లంతా జిగురు. "ఛీ, పండగపూట ఇదేం మురికి!" అనుకుని గుప్పెడు రాళ్ల ఉప్పు తీసుకున్నాడు. ఇక చూస్కోండి. నీచు పోవాలని మన ఇళ్లలో చేపల్ని తోమినట్టు తోమాడు. నాలుగు నీళ్లు మార్చాడు. చివరికి వేలితో రాస్తే చేప కీచుమంది. తృప్తిగా పళ్లెంలో పెట్టి, ఫాదర్‌ని పిలిచి, ఆయన ముందు మరిగే వెనిగర్ పోశాడు.

చేప నీలం తిరగలేదు. ఇంకో గరిటె పోశాడు. జ్వరం పడి లేచినవాడి మొహంలా పాలిపోయింది.

యోస్ట్ మొహం అంతకన్నా పాలిపోయింది.

"పండగ పాడుచేశాను ఫాదర్. ఒక్క మచ్చ లేకుండా కడిగానే!" అన్నాడు గరిటె కింద పెట్టేసి. "వండేవాడు ఎలాంటివాడో చేపక్కూడా తెలిసిపోయింది."

ఫాదర్ కిలియన్ నవ్వుకుంటూ అంగీ చేతులు పైకి మడిచారు. పీట మీద నీళ్లు చల్లారు. రెండో చేపని తడి అరచేతుల మీదికి, పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. కడుపు లోపల మాత్రం కడిగారు. పైన వేలైనా రాయలేదు. ఆ జిగురు జిగురుగానే పళ్లెంలో పడుకోబెట్టారు.

"పొయ్యవయ్యా," అన్నారు.

యోస్ట్ పోశాడు. తల నుంచి తోకదాకా నీలం పాకింది. వాన వెలిసిన పొద్దుటి ఆకాశంలా ఉంది.

"ఏం కలిపారు ఫాదర్?"

"ఏం కలపను? నువ్వు మరగబెట్టిన వెనిగరేగా."

"మరి నేను కడిగిన చేపకి నీలం ఏమైంది?"

ఫాదర్ గచ్చు మూలనున్న తూము చూపించారు. "అందులో పోయింది. దాని నీలమంతా జిగురులోనే ఉంటుంది."

యోస్ట్ వంగి ఆ తూములోకి తొంగి చూశాడు. ఈలోగా ఫాదర్ పాలిపోయిన చేపని కూడా గిన్నెలోకి జార్చారు. "ఆకలికి రంగుతో పనేముంది," అంటూ అతని చేతిలో ఒక దుంప పెట్టి తురమమన్నారు.

అది ఒకరకం ముల్లంగి. ఆవపిండి కన్నా ఘాటుగా ముక్కుకెక్కుతుంది. నాలుగు రాపిళ్లకే యోస్ట్ కళ్ల వెంట నీళ్లు కారాయి. కానీ పెదవుల మీద నవ్వుంది. తురుముతూ తురుముతూ కూనిరాగం తీశాడు. బీరు పీపాలు దొర్లించేవాళ్ల పాట అది. చూస్తుండగానే గొంతు విప్పాడు. కిటికీ అద్దాలు అదిరాయి. పక్కగదిలో భోజనాల బల్ల సర్దుతున్న ఇద్దరు ముసలి సన్యాసులు చెంచాలతో తాళం వేశారు. ఫాదర్ గరిటెతో గిన్నె మూత వాయించారు.

హఠాత్తుగా తానెక్కడున్నాడో గుర్తొచ్చి యోస్ట్ టక్కున ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆపావేం? రెండో చరణం నాకు రాదు," అన్నారు ఫాదర్.

యోస్ట్ రెండో చరణమూ పాడాడు. మూడోదీ పాడాడు.

భోజనాల దగ్గర యోస్ట్ వడ్డిస్తున్నాడు. ఫాదర్ కిలియన్ తెల్లచేప ముక్క తన కంచంలో వేయించుకుని, తల ఎత్తకుండానే అన్నారు.

"వచ్చే ఆదివారం నీ వ్రతం. అంగీ ఉతుక్కో."

యోస్ట్ పళ్లెం బల్ల మీద పెట్టేశాడు. "ఇప్పుడే ఉతికేస్తాను ఫాదర్!"

"ఉతుకు," అన్నారాయన చేప ముల్లు ఏరుకుంటూ. "మరీ రుద్దకు."