దరఖాస్తులో ఖాళీ గడి

భావనారాయణ మాస్టారిని ప్రశ్న అడగడం చాలా తేలిక. జవాబు రాబట్టడమే గగనం. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఆయన అరుగు మీద పదిమంది పిల్లలు ఉండేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన గొడుగు తీసుకుని "పద, పనుంది" అనేవారు. వెంట వెళ్లినవాడికి దారిలో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఎండన పడి తిరిగినట్టు. నేనూ ఆయన శిష్యుణ్ణే. నాకు ఎక్కువసార్లు ఎండే దొరికింది. అందుకని ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త ఉక్రోషం వినబడితే క్షమించాలి.

ఒక జూన్ నెల పొద్దున సువర్చల ఆయన ముందు ఇంటర్మీడియట్ దరఖాస్తు పెట్టింది. అప్పుడే పదో తరగతి పాసైన పిల్ల, చెప్పుల కొట్టు పానకాలరావు కూతురు. చీరాల కాలేజీవాళ్లు ఆ సాయంత్రం ఐదింటిదాకే దరఖాస్తులు తీసుకుంటారు. పేరు, ఊరు, మార్కులు అన్నీ నింపింది. గ్రూపు అన్న గడి ఒక్కటే ఖాళీ. నాన్న ఎంపీసీ అంటాడు, అమ్మ బైపీసీ అంటుంది, ఇద్దరికీ నాలుగు రోజులుగా మాటల్లేవు. సివిక్స్ ఉండే గ్రూపుల పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అవి మార్కులు రానివాళ్ల కోసం పెట్టినవని మా ఊరందరి నమ్మకం. చివరికి పానకాలరావే "మాస్టారు ఏదంటే అది" అని కూతుర్ని పంపాడు. లెక్కల మాస్టారు లెక్కలు కాక ఇంకేమంటారని అతని ధీమా.

"మార్కులు చూసి తేల్చుకుందామంటే అన్నిట్లోనూ తొంభై ఒకటి, తొంభై రెండే వచ్చాయి మాస్టారూ," అంది సువర్చల. "ఇష్టమైంది తీసుకోమని మా టీచరుగారన్నారు. నాకేది ఇష్టమో అదే నాకు తెలీట్లేదు. ఎట్లా తెలుస్తుంది?"

అంటూనే కళ్లు తుడుచుకుంది. ఆ గడిలో రాసే మూడక్షరాలతో బతుకంతా ఒక వైపుకి తిరిగిపోతుందని ఆ పిల్లకి తెలుసు. పదిహేనేళ్ల పిల్ల నెత్తిన అంత బరువు పెట్టే మన పద్ధతి చూస్తే నాకు కోపం వస్తుంది.

మాస్టారు గొడుగు తీశారు. "నాకు ఊళ్లో పనుంది. రెండింటి బస్సుకి చీరాల పోయి ఇచ్చేద్దాం. పద."

ముందు ఫ్యాను రిపేరు కొట్టుకి తీసుకెళ్లారట. మోటారుకి తీగ ఎన్ని చుట్లు చుట్టాలో, ఎందుకో మెకానిక్ చెబుతుంటే సువర్చల బుద్ధిగా విని తలూపింది. అన్నీ అర్థమయ్యాయి, ఒక్క ప్రశ్నా రాలేదు. అక్కణ్ణుంచి పశువుల ఆసుపత్రి. డాక్టరుగారు దూడ కాలికి కట్టు కడుతుంటే జంకకుండా నిలబడింది, పట్టుకోమంటే పట్టుకుంది. మాస్టారికి అక్కడేం పనో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకి గేదె లేదు.

ఒంటిగంటన్నరకి ఇద్దరూ బస్సు కోసం సెంటర్లోకి వచ్చారు. స్టాపుకి ఎదురుగానే రేషను షాపు. వరసలో ముందు ఆదెమ్మ, ఆమె వెనకాల సంచీతో నేను. ఆదెమ్మ నలభై ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన మనిషి. ఆ పిక్కల జిడ్డుకి చర్మం కాలి కాలి, వేళ్ల మీద గీతలన్నీ చెరిగిపోయాయి. డీలరు అంకమ్మరావు మిషను మీద ఆమె పది వేళ్లూ పెట్టించాడు. మిషను ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

"ఇది మూడో నెల. మిషను తీసుకోకపోతే నేనేం చేసేది ఆదెమ్మా? పక్కకి జరుగు," అన్నాడు.

ఆమె జరిగింది. ఆమె ఖాళీ చేసిన చోటులోకి నేను జరిగాను. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అప్పుడే సువర్చల రోడ్డు దాటి వచ్చింది.

"వేళ్లు అరిగినోళ్లకి ఇంకో పద్ధతి ఉండదా బాబాయ్?"

"ఉండదమ్మా."

"ఉండదని ఎక్కడ రాసుంది?"

అంకమ్మరావు నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. రూలు ఎవరు పెట్టారంది, కాగితం ఏదంది, అసలు చేతులే లేనివాళ్లు బియ్యం ఎట్లా తీసుకుంటున్నారంది. ఒక జవాబు వస్తే అందులోంచి ఇంకో ప్రశ్న లాగింది. విసిగిపోయి అతను బల్ల కింది నుంచి కాగితాల కట్ట తీసి ఆమె ముందు పడేశాడు. దరఖాస్తు చంకలో పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. రెండో కాగితం అడుగున ఉంది: వేలిముద్ర పడనివారికి వీఆర్వో వచ్చి తన ముద్ర వేసి సరుకులు ఇప్పించవచ్చని. దాన్ని పైకి చదివింది, నమ్మలేనట్టు మళ్లీ చదివింది. అంకమ్మరావు ఆ కాగితం ఎన్నడూ తిప్పలేదట. అతను అబద్ధమాడాడని నేననుకోను. మూడు నెలల్లో మేమెవ్వరం అడగలేదు, అంతే.

కబురు పెడితే వీఆర్వో రావడానికి అరగంట పట్టింది. ఆదెమ్మ బియ్యం సంచీ నెత్తిన పెట్టుకుని, ఆ పిల్ల గడ్డం పుణికి వెళ్లిపోయింది. సువర్చల మాత్రం వీఆర్వోని వదల్లేదు. ఈ కాగితం అన్ని షాపులకీ వస్తుందా, వస్తే గోడకెందుకు అంటించరు, అంటించకపోతే ఎవరికి చెప్పాలి?

ఈలోగా రెండింటి బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. మాస్టారు స్టాపులోనే ఉన్నారు. కండక్టరు ఎక్కమనడం, ఆయన వద్దని చెయ్యూపడం నేను కళ్లారా చూశాను. పిల్లని ఒక్క కేక కూడా వెయ్యలేదు. ఇదేం మనిషిరా అని నాకు ఒళ్లు మండింది.

రెండున్నరకి సువర్చలకి గుర్తొచ్చింది. పరుగెత్తుకుంటూ రోడ్డు దాటింది. ఏం గొడవవుతుందోనని నేనూ వెనకే వెళ్లాను.

"మాస్టారూ, బస్సు! ఐదింటికి మూసేస్తారు!"

"మూడుంబావుకి ఇంకోటుంది. అందుతుందిలే."

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. చెమటకి మెత్తబడిన దరఖాస్తు ఆయన ముందు చాచింది. "మరి ఇందులో ఏం రాయమంటారు? పొద్దున్నించి తిప్పుతున్నారు గానీ మీరేమీ చెప్పలేదు."

మాస్టారు గొడుగు మడిచారు.

"బస్సు నీ వెనకాలే నిలబడి మూడుసార్లు హారను కొట్టిందమ్మా. ఊరంతా వింది. నీకెందుకు వినబడలేదో, ముందు అది చెప్పు."