గాజు మీది మసి

పట్నంలో రక్తపరీక్ష చేయించుకుని కొండెక్కి వచ్చిన సోమలింగం, చెప్పులైనా సరిగ్గా విప్పకుండా గురువుగారి ముందు కూలబడ్డాడు.

"అయ్యా, నా ఉసిరి నన్ను మోసం చేసింది."

గురువు చెన్నబసవయ్య మంచినీళ్ల చెంబు అతని వైపు జరిపాడు.

ఆశ్రమానికి వచ్చేవాళ్లకు దగ్గుకీ నీరసానికీ మందు నూరి ఇచ్చేది సోమలింగమే. అతని చేతి ఉసిరిపొడికి కింది ఊళ్లలో మంచి పేరు. ఆ పేరు అతనికి కాస్త తలకెక్కిన మాట కూడా నిజం. అలాంటివాడి కాలేయంలోనే హెపటైటిస్ బి వైరస్ తిష్ఠ వేసిందని నిరుడు బయటపడింది. అతని అన్నను పొట్టనపెట్టుకున్న జబ్బు అదే.

అప్పుడే డాక్టరమ్మ విడమరచి చెప్పింది. "వైరస్ ఉన్నంతకాలం లోపల సన్నటి సెగ రగులుతూనే ఉంటుంది. దాంట్లోంచి పుట్టే చెడు పదార్థాలు కాలేయాన్ని కొంచెం కొంచెంగా పాడుచేస్తాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. పైకి మీకేమీ తెలియదు. వైరస్‌ను అణచడానికి ఈ మాత్ర రోజూ వేసుకోండి. మానొద్దు."

సోమలింగానికి నచ్చినంత మేరకే చెవికెక్కింది. చెడు పదార్థాలను కడిగేయడానికి ఉసిరిని మించింది ఏముంది? అందరికీ మందిచ్చేవాడు పట్నం మాత్ర మింగుతున్నాడని తెలిస్తే జనం నవ్వరూ? మాత్రలు జాడీల వెనక్కి పోయాయి. పొద్దున ఉసిరి, రాత్రి ఉసిరి. ఒంట్లో ఏ బాధా లేదు, జబ్బు తోక ముడిచిందనే అనుకున్నాడు.

ఇవాళ డాక్టరమ్మ కాగితం చూసి, అతని మొహం చూసి, "మాత్ర వేసుకోలేదు కదూ?" అంది. కాలేయం గట్టిపడటం మొదలైందట. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టమని కొత్త మాత్రలు చేతిలో పెట్టింది.

"ఇంత నిష్ఠగా తిన్నానే అయ్యా! ఎక్కడ లోపం? ఉసిరిలోనా, నాలోనా?" సోమలింగం భయపడ్డాడు పాపం. అన్న ఆఖరి రోజుల్లో పక్కన కూర్చున్నవాడు, భయపడడూ?

"చీకటి పడుతోంది లింగం. లాంతరు చూడు" అన్నాడు గురువు.

ఆ కొండకు కరెంటు లేదు. సాయంత్రం లాంతరు గాజు తుడవడం శిష్యుడి వంతు. వెలిగించడం, వత్తి తిప్పడం గురువుగారి వంతు. ఆయన గురువు నాటి నుంచీ అదే పద్ధతి.

సోమలింగం బూడిదతో గాజు తోమి, పాత పంచె గుడ్డతో తళతళా తుడిచి పెట్టాడు. గురువు వెలిగించి వత్తి బాగా పైకి తిప్పాడు. మంట నాలుక చాపింది. చూస్తుండగానే గాజు నల్లబడింది.

"మసి పట్టింది. తుడువు."

మంట ఆర్పి, గాజు చల్లారేదాకా ఆగి, సోమలింగం మళ్లీ తుడిచాడు. గురువు మళ్లీ వెలిగించాడు, వత్తి అంతే పైకి తిప్పాడు. గాజు మళ్లీ నల్లబడింది.

"సరిగ్గా తుడిచినట్టు లేదు."

ఈసారి గుడ్డ మార్చి, అరచేయి నొప్పిపుట్టేలా రుద్దాడు. మళ్లీ అదే మసి. సోమలింగానికి ఒళ్లు మండింది.

"తుడవడంలో లోపం లేదయ్యా! వత్తి అంత ఎగదోస్తే నేను తెల్లవార్లూ తుడిచినా ఏం లాభం? ఇట్లాగే ఉంటే గాజు పగిలిపోతుంది!"

అన్నాక అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

గురువు అతని వంక చూశాడు. లాంతరును మెల్లగా అతని ముందుకు నెట్టాడు.

"అయితే దించు."

"నేనా? వత్తి మీరు కదా..."

"దించు లింగం."

సోమలింగం మొదటిసారి వత్తి తిప్పే చక్రం మీద చెయ్యి వేశాడు. తిప్పాడు. మంట ఒదిగింది, పొగ ఆగింది. మంట ఆర్పకుండా, గాజు పైన చేరిన పొగ పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఉన్న మసి అలాగే ఉంది, కొత్తది పట్టలేదు.

చాలాసేపటికి లేచాడు. సంచిలోంచి మాత్ర తీసి, గురువు ఇచ్చిన చెంబులోని నీళ్లతోనే మింగాడు. తర్వాత గదిలోకి వెళ్లి ఉసిరిపొడి జాడీని చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

"అదెక్కడికి?"

"పారబోస్తానయ్యా. సిగ్గుగా ఉంది."

గురువు నవ్వాడు. కింద పడి ఉన్న మసిగుడ్డను తీసి దులిపి, మడిచి, లాంతరు పక్కన పెట్టాడు.

"రేపు మళ్లీ గాజు తుడవాలిగా" అన్నాడు.