కోట తలుపుకీ పనసచెట్టుకీ ఏం సంబంధం?

పట్టపుటేనుగు వీపు గోక్కోవడంతో మా రాజుగారి కోట తలుపు ఊడిపడింది. మర్నాటికల్లా కొత్త తలుపు చేసే మనిషిని తేల్చాలని రాజుగారు పట్టుబట్టారు.

మా రాజ్యంలో ఒక కట్టడి ఉంది. సర్కారు పని ఏదైనా సరే చాటింపు వేసి, వచ్చినవాళ్ల ధరలన్నీ సభలో విప్పి చూసి అప్పగించాలి. ఆ పని చేయగలవాడు ఒక్కడే ఉంటే మాత్రం చాటింపు అక్కర్లేదు.

కోట సరుకుల కొట్లు చూసే ఉగ్రాణాధికారి రంగోజీ ముందుకొచ్చాడు. "ప్రభూ! ఈ పనికి తగినవాడు ఒక్కడే. ఎడమచేతివాటం ఉండాలి, ఇల్లు ఏటి ఒడ్డున ఉండాలి, పెరట్లో పనసచెట్టు ఉండాలి. వెతికి వెతికి పట్టుకున్నాను."

ఆ ఒక్కడూ ఆయన బావమరిది. బయట వడ్రంగులు పని దొరుకుతుందేమోనని పొద్దుటినుంచీ ఎండలో నిలబడి ఉన్నారు.

నేను ఆస్థాన విదూషకుణ్ణి, పేరయ్యని. ఉండబట్టలేక గొణిగాను. గొణిగితే సభంతా వినిపించే గొంతు నాది.

"ఏమిటోయ్ పేరయ్యా, తప్పుందా?" అన్నారు రాజుగారు. "ఉంటే చూపించు. చూపించలేకపోతే రేపటినుంచి సభకు రాకు."

నాకు హాస్యం తప్ప మరో విద్య రాదు, అదీ అంతంతమాత్రం.

"తప్పేముంది ప్రభూ, భేషైన పద్ధతి! అదే పద్ధతిలో ఉగ్రాణాధికారి పదవికీ మనిషిని తేలుద్దాం. వాడికి బట్టతల ఉండాలి. వాడు పాడితే వీధిలో గాడిదలు వంత పాడాలి. చదరంగంలో అత్తగారి చేతిలో రోజూ ఓడిపోవాలి. మొన్న దసరా ఊరేగింపులో గుర్రం మీంచి పేడకుప్పలో పడి ఉండాలి."

రాజుగారు పొట్ట పట్టుకున్నారు. "అలాంటివాడివి నువ్వొక్కడివే కదయ్యా!"

"అందుకే చాటింపు ఎందుకు ప్రభూ? ఉగ్రాణం తాళాలు ఇప్పించండి."

రంగోజీ మొహం జేవురించింది. "ఏమిటీ అన్యాయం! ఉగ్రాణం చూసుకోడానికీ బట్టతలకీ ఏం సంబంధం?"

నేను వినయంగా వంగి దండం పెట్టాను.

"కోట తలుపుకీ పనసచెట్టుకీ ఉన్న సంబంధమే, అయ్యా!"

సభ గొల్లుమంది.

రాజుగారు కళ్లు తుడుచుకుని, "చాటింపు వేయించండి! తలుపు ఎలా ఉండాలో చెప్పండి, చేసేవాడి పెరడు సంగతి మనకెందుకు? ఆ వడ్రంగులందరినీ లోపలికి పిలవండి" అని ఆజ్ఞాపించారు. తన మెడలోని ముత్యాలహారం తీసి నా మెడలో వేశారు.

"మరి ఉగ్రాణాధికారి పదవి, ప్రభూ?" అన్నాను ఆశగా.

"నీ చేతికా? సాయంత్రానికి గాదెలో ఎలుకలు కూడా మిగలవు!"

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.