పక్కింటి సంఖ్య

ఆస్థాన గణితపండితుడు విరూపాక్షశాస్త్రి మహా భారీ మనిషి. ఆయన పల్లకీ మోసి మోసి బోయీ గవిరయ్య భుజాలు కాయలు కాచాయి.

ఒకరోజు సభలో శాస్త్రి గొప్పలకు దిగాడు. "మహారాజా! 142857ని రెండుతో గుణిస్తే 285714, మూడుతో గుణిస్తే 428571. అవే అంకెలు చోట్లు మారతాయంతే! ఏ సంఖ్యకైనా ఏదో ఒక విశేషం చెబుతాను. ఓడితే మళ్లీ పల్లకీ ఎక్కను!"

"దాని పక్కింటి సంఖ్య 142858. దాని విశేషం సెలవియ్యండి సామీ," అన్నాడు గవిరయ్య వాకిట్లోంచి.

శాస్త్రి గుణించాడు, భాగించాడు, చెమటలు కక్కాడు. ఏమీ తేలలేదు. చివరికి గడుసుగా నవ్వి, "నా అంతటి పండితుణ్ణి ఓడించింది చూశారా, అదే దీని విశేషం!" అన్నాడు.

"అయితే తమరు ఓడినట్టేగా సామీ," అంటూ గవిరయ్య, ఏళ్ల తరబడి అరగని ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టాడు.