ఎరకమల్లుడి చద్ది

నల్లకనుమ అనే ఒకానొక రాజ్యంలో రాజుకంటే ముందు తినే హక్కు ఒక్కడికే ఉండేది. అతని పేరు మైలారయ్య. రాజు ముందు పెట్టే ప్రతి వంటకంలోనూ మొదటి చెంచా అతను తినాలి. తిని కాసేపు ఆగాలి. అతను బతికే ఉంటే రాజు తినేవాడు.

ఆ ఇంటివాళ్లకి ఇది ఏడు తరాలుగా వస్తున్న పని. ఏడుగురిలో ముగ్గురు ఆ పనిలోనే పోయారు. మిగతా నలుగురిలో మైలారయ్య ఒకడు, ఇప్పటికి.

రాజు పేరు రణధీర భూపతి. పేరులో తప్ప ఆయన రణం చూసింది లేదు. యుద్ధాలన్నీ తాతలు చేసి పెట్టి వెళ్లారు. ఆ సంగతే ఆయనకి లోపల గుచ్చుకునేది. ఒకనాడు సభలో ఆస్థాన పండితుడు సోమయాజుల్ని పిలిచి అడిగాడు.

"సోమయాజులుగారూ, మా వంశానికి మూలపురుషుడు ఎరకమల్లుడు. ఆయన పేరు పది రాజ్యాల్లో తెలుసు. నా పేరు కనుమ దాటితే ఎవరికీ తెలియదు. ఇద్దరిదీ ఒకటే రక్తం. మరి తేడా ఎక్కడుంది?"

దీనికి నిజమైన జవాబు చెబితే తల ఉండదు. సోమయాజులు తల ఉంచుకోవాలనుకున్నాడు.

"తేడా తిండిలో ఉంది ప్రభూ. పొద్దున్నే కడుపులో ఏది పడితే ఆ రోజు మనిషి అలా నడుస్తాడు. మహాపురుషులంతా చద్ది దగ్గరే మహాపురుషులయ్యారు."

"అయితే ఎరకమల్లుడు పొద్దున్నే ఏం తినేవాడు?"

"తాళపత్రాలు వెతకాలి ప్రభూ."

పది రోజులు వెతికాడు. లేనిదాన్ని వెతకడానికి ఆ మాత్రం పడుతుంది. పదకొండోనాడు ఒక తాటాకుల కట్ట తెచ్చి సభలో విప్పాడు. ఆకులు నల్లగా పాతవాటిలాగే ఉన్నాయి. కాకపోతే కొత్త పొగ వాసన వేశాయి. వాసన పట్టడం మైలారయ్య వృత్తి. అయినా నోరు మూసుకున్నాడు.

సోమయాజులు చదివాడు. ఈ వంశంలో మూడో రాజు పొద్దున్నే నలభై నేతి బూరెలు తినేవాడట. నాలుగో రాజు తేనెలో నానిన నేరేడుపళ్లు తప్ప ముట్టేవాడు కాదట. ఐదో రాజు వేయించిన లేడి గుండె తిని గాని గుర్రం ఎక్కేవాడు కాదట. ఎరకమల్లుడు మాత్రం నూరు ఆవుల పాలు ఒకే గిన్నెకి ఇగిరేదాకా కాయించి, ఆ కోవా తిని, సూర్యుడికి దణ్ణం పెట్టేవాడట.

"నూరు ఆవులా?" అన్నాడు రాజు. ఆయన కళ్లు మెరిశాయి.

"ఒక్క ఆవు తగ్గినా ఫలితం ఉండదు ప్రభూ."

మర్నాటి నుంచే మొదలైంది. భటులు కోట చుట్టుపట్ల ఊళ్లలో నూరు పాడి ఆవుల్ని గుర్తుపెట్టుకున్నారు. తెల్లారకముందే కుండలతో వెళ్లి చివరి చుక్కదాకా పితుక్కుపోయేవారు. రెండేళ్లుగా వాన లేదు. ఉన్న పాడే అంతంత మాత్రం. దూడకి వదలమంటే, నూరు ఆవుల పాలంటే నూరు ఆవుల పాలే, దూడల సంగతి తాళపత్రంలో లేదన్నారు.

బంగారు గిన్నెలో పెట్టే ఆ కోవాలోంచి మొదటి చెంచా మైలారయ్యది. అతను లెక్క వేసుకున్నాడు. గిన్నెలో నూరు చెంచాలు ఉంటాయి. అంటే చెంచాకి ఒక ఆవు. తన చెంచా ఏ ఆవుదో.

పదోనాడు చెంచా తిని, బతికి, పని అయ్యాక, కోసు దూరంలో ఉన్న వాగుపల్లికి నడిచి వెళ్లాడు. అక్కడ అతని అక్క గురవమ్మ ఉంటుంది. ఆవిడ కూతురు మూడు నెలల కింద కాన్పులో పోయింది. పసిది మిగిలింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఆవు. పసిదాని ప్రాణం దాని పొదుగులోనే ఉంది.

గురవమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏదో కలుపుతోంది. తమ్ముణ్ణి చూసి లేవలేదు.

"రారా. రాజుగారి పాలకోవా తిని వచ్చావా?"

"ఒక చెంచా."

"మా ఆవుదే అయ్యుంటుంది. బాగుందా?"

మైలారయ్య మూల చేటలో పడుకోబెట్టిన పసిదాన్ని చూశాడు. కళ్లు తెరుచుకునే ఉంది.

"ఏడవడం లేదే."

"నిన్నటిదాకా ఏడ్చింది. ఇవాళ మానేసింది. ఏడుపే నయం."

"దానికి ఏం పట్టిస్తున్నావు?"

"ఇదే. గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లు." గరిటెతో కుండ చూపించింది. "చింతపిక్కల అంబలి. ఊరంతా ఇదే. జొన్నలు ఎప్పుడో అయిపోయాయి. ఇన్నాళ్లూ మజ్జిగ నీళ్లతో నెట్టుకొచ్చాం. మీ రాజు దాని మీద పడ్డాడు."

మళ్లీ తనే అంది. "నువ్వు రుచి చూసి బాగాలేదంటే పారబోస్తారటగా. ఆ మాట అనెయ్యరాదూ?"

"అంటాను. కోవా పారబోస్తారు. తర్వాత విషం ఎవరు కలిపారని అడుగుతారు. ఆవులున్న వాళ్లందరినీ కట్టి తీసుకుపోతారు. పాల వరసలో నీది ఏడో కుండ."

"మరి నీకు ఆయన దగ్గర ఉన్న పలుకుబడి ఏమిట్రా?"

"ఆయనకంటే ముందు చచ్చే పలుకుబడి."

మైలారయ్య అలవాటు కొద్దీ కుండలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ కాసేపు ఆగాడు. గురవమ్మ అతని ముఖం చూసింది.

"ఏమిట్రా, చావలేదా?"

"లేదు. అక్కా, రేపు తెల్లారేసరికి కోట వంటింటికి వచ్చి ఈ అంబలి కాయగలవా?"

"ఎవరికి?"

"రాజుగారికి."

ఆవిడ గరిటె ఆపి ఆలోచించింది. "కాస్తాను. ఉప్పు మాత్రం ఆయనదే వెయ్యాలి. మా ఇంట్లో లేదు."

ఆ సాయంత్రం రాజు కొలువులో అద్దం చూసుకుంటున్నాడు.

"ఏమోయ్ మైలారయ్యా, పది రోజులైంది. నాలో ఎరకమల్లుడి తేజస్సు కనిపిస్తోందా?"

"పొట్టలో కనిపిస్తోంది ప్రభూ. ముఖానికి ఇంకా ఎక్కలేదు."

సభలో కొందరు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు అద్దం దించాడు.

"ఎందుకు ఎక్కలేదు?"

"సోమయాజులుగారు ఒక తిండి మరిచిపోయారు. కోవా తినేది మామూలు రోజుల్లో. ఎరకమల్లుడికి పేరు తెచ్చిన యుద్ధం ఉంది చూశారూ, ఆ పొద్దున తిన్నది వేరే."

సోమయాజులు లేచాడు. "తాళపత్రంలో లేనిది నీకెలా తెలుసయ్యా? నీ నాలుకకి చరిత్ర వచ్చా?"

"ఎరకమల్లుడికి ముందు రుచి చూసింది మా వంశం మొదటివాడు. తినే సంగతి తాటాకుని అడగాలా, తిన్నవాళ్లని అడగాలా? మా ఇంట్లో చనిపోయేముందు తండ్రి కొడుకు చెవిలో చెప్పే మాట ఇది. ఎప్పుడు చస్తామో తెలియదు కనక ముందే చెప్పేస్తారు."

రాజుకి ఆ మాట నచ్చింది. "రేపే వండించు."

"రెండు నియమాలు ఉన్నాయి ప్రభూ. గిన్నె ఖాళీ చెయ్యాలి. ఒక్క గుటక వదిలినా మూలపురుషుణ్ణి అవమానించినట్టు. రెండోది, ఆనాడు ఎరకమల్లుడి పక్కన కూర్చుని ఆయన పండితుడు కూడా సమానంగా తిన్నాడు."

సోమయాజులు ముఖం విప్పారింది. పది రోజులుగా కోవా వాసన పీల్చడమే గాని ఆయనకి దక్కింది లేదు. "సంప్రదాయం కదా. పాటించాలి," అన్నాడు.

రాజు ఎరకమల్లుడి కత్తి మీద చెయ్యి వేసి, గిన్నె ఖాళీ చేస్తానని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సభ నిండిపోయింది. మహారాజు మహాపురుషుడు కావడం చూడాలని సేనాపతి కూడా వచ్చాడు. ఒక మట్టిగిన్నె రాజు ముందు, ఒకటి సోమయాజుల ముందు పెట్టారు. మైలారయ్య రెండింట్లోంచీ చెంచా చొప్పున తిన్నాడు. ఆగాడు. తల ఊపాడు.

రాజు మొదటి గుటక వేశాడు. అది బూడిదరంగులో జిగురుగా ఉంది. వగరుకి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. గొంతులో దిగనని మొరాయించింది.

"ఇది మనుషులు తింటారా?"

"ఎరకమల్లుడు తిన్నాడు ప్రభూ. శత్రువులు ఈ కోటని చుట్టుముట్టిన కాలంలో. ముందు ధాన్యం అయిపోయింది. తర్వాత గుర్రాలు అయిపోయాయి. కోటలో చింతచెట్లు మిగిలాయి. పిక్కలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఈ అంబలే కాచుకుని పదకొండు రోజులు తాగాడు."

"పన్నెండోనాడు?"

"పన్నెండోనాడు గిన్నె వంక చూశాడు. దీన్ని మళ్లీ తాగడంకంటే చావే నయమనుకున్నాడు. కోట తలుపులు తీయించి, ఎదురుగా ఉన్నవాడి మీద పడ్డాడు. బతుకు మీద ఆశ లేనివాళ్లు మీద పడితే ఎవరు నిలుస్తారు? వాళ్లు పారిపోయారు. మీ వంశానికి కీర్తి ఆ పొద్దునే మొదలైంది."

రాజు గిన్నె చూశాడు. కత్తి చూశాడు. సభ తనని చూస్తోంది. ముక్కు బిగబట్టి గిన్నె ఎత్తాడు. పక్కన సోమయాజులు కళ్లనీళ్లు పెట్టుకుంటూ తాగాడు. అది పితృభక్తి అని వెనకవాళ్లు అనుకున్నారు.

గిన్నె దించాక రాజు మూతి తుడుచుకున్నాడు. "మా వంటవాళ్లకి ఇది కాయడం ఎలా వచ్చింది?"

"వాళ్లకి రాదు ప్రభూ. మా అక్క కాచింది."

గురవమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రాజు చూశాడు. "నీకెవరు నేర్పారమ్మీ?"

"తమరే నేర్పారు దొరా. పాలు తీసుకెళ్లి."

మైలారయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఆ నూరు ఆవులున్న ఊళ్లన్నింట్లో ఇవాళ ఇంటింటా ఇదే చద్ది ప్రభూ. పిల్లా జెల్లా అందరూ ఎరకమల్లుడి తిండే తింటున్నారు. ఇన్నాళ్లూ ఆ భాగ్యం లేనిది తమకొక్కరికే."

రాజు మైలారయ్య వైపు తిరిగాడు. "ఎన్నాళ్ల నుంచి తింటున్నారు?"

"ఇవాళ్టికి పదకొండు రోజులు."

సేనాపతి కోట తలుపుల వైపు చూశాడు. రాజు సేనాపతి వైపు చూశాడు. ఖాళీ గిన్నెలోకి చూశాడు. అప్పుడు నవ్వాడు. పెద్దగా, పొట్ట పట్టుకుని, అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు నవ్వాడు. రాజు నవ్వాడు కనక సభ నవ్వింది.

"గడుసువాడివోయ్," అన్నాడు రాజు. "ఈ పూట నుంచి పాలు ఎవరి ఇంట్లోవి వారివే. ఇంక కోవా తినను. ఆ బంగారు గిన్నె నువ్వే తీసుకో."

మైలారయ్య గిన్నె పుచ్చుకుని దణ్ణం పెట్టాడు. కరువు రోజుల్లో బంగారు గిన్నెలో పోసుకున్నా అంబలి అంబలే.

సోమయాజులు ఆ మధ్యాహ్నమే ఇంకో తాటాకు రాసి పొయ్యి మీద పొగకి వేలాడదీశాడు. "మహా కరువులో రణధీర భూపతి ప్రజలతోపాటు నేల మీద కూర్చుని, ప్రతి ఉదయం చింతపిక్కల అంబలి సేవించెను" అని అందులో ఉంది. రాజు తాగింది ఒక్క గిన్నె. అదీ ఒట్టు పెట్టుకున్నందుకు. అయినా ఆ తర్వాత వచ్చిన రాజకుమారులంతా ఆ ఆకునే వల్లె వేశారు. కనుమ అవతల కూడా రణధీర భూపతి పేరు తెలిసింది.

గురవమ్మ ఇంటికి వెళ్లేసరికి కొట్టంలో దూడ చచ్చి పడి ఉంది. పదకొండు రోజులు తల్లి పాలు లేక ఎండిపోయింది. పాలు ఇంక ఎవరూ పట్టుకుపోరు. కానీ దూడ మూతి తగలనిదే ఆవు చేపదు, పాలు కిందికి వదలదు. పొదుగు కింద కూర్చుంటే తన్నింది. రెండు రోజులు గురవమ్మ పొరుగింటివాళ్లు ఇచ్చిన సోలెడు పాలతో పసిదాన్ని నిలబెట్టింది.

మూడోనాడు మైలారయ్య వచ్చేసరికి ఆవిడ దూడ తోలు ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, కుట్టు వేస్తోంది. నాలుగు పుల్లలు కాళ్లకింద దోపి ఆవు ముందు నిలబెట్టింది. ఆవు వాసన చూసింది. నాకింది. దాని కళ్లవెంట నీళ్లు కారాయి. కాసేపటికి చేపింది. గిన్నెలో సగానికి పాలు వచ్చాయి.

పసిదానికి ఉగ్గుగిన్నెతో పాలు పడుతూ గురవమ్మ అడిగింది. "ఒరే, ఎరకమల్లుడు నిజంగా ఆ అంబలి తాగాడా?"

"నాకేం తెలుసే. నాన్న నా చెవిలో చెప్పింది ఒకటే. పెద్ద చెంచా పట్టుకోకురా అని."

గురవమ్మ గడ్డి దూడ వంక చూసింది. "ఆవుకి గడ్డి దూడని చూపిస్తే చేపింది. రాజుకి గడ్డి తాతని చూపిస్తే చేపాడు. ఒకటే తేడా. ఇది ఏడుస్తూ ఇచ్చింది. ఆయన నవ్వుతూ ఇచ్చాడు."

ఉగ్గుగిన్నె ఖాళీ అయింది. చాలక పసిది నోరు తెరిచి ఊరంతా వినపడేలా ఏడ్చింది.

"అమ్మయ్య," అంది గురవమ్మ.