షిరోసే ఏటితల్లి వెలుగురాత

పూర్వం కోరంగి రేవున నలభై యేళ్లు తాళపత్రాలు రాసి కీర్తి గడించిన సూరపరాజు అనే లేఖకుడు, జపాను దేశంలో నీటిలోంచి ఆకులు పుట్టిస్తారని నావికుల నోట విని, ఆ వింతను కళ్లారా చూడనిదే ప్రాణం విడవరాదని సంకల్పించి ఓడ ఎక్కాడు. ఇంటిల్లిపాదీ వద్దన్నా విన్నాడు కాదు.

అలా చేరుకున్న చోటు, కొండల నడుమ ఏటి ఒడ్డున వెలసిన షిరోసే గ్రామం. ముప్పై గడపల ఆ ఊరికి కాగితమే జీవనాధారం. ఒసుమి అనే పెద్దావిడ అతిథిని ఆదరించి, చెట్టు బెరడును ఉడికించి దంచడం, ఆ గుజ్జును చన్నీటి తొట్టిలో కలిపి వెదురు చాపతో పలచగా తేల్చి తీయడం ఓపికగా నేర్పింది. మన రాజుగారు మూడు నెలలపాటు దిబ్బరొట్టెలంత మందాన కాగితాలు తీసి, ఊరందరినీ కడుపుబ్బ నవ్వించి, ఆ సందడిలోనే వాళ్ల భాష కూడా పట్టుకున్నాడు.

ఆ ఊరికొక నియమం ఉంది. కొత్త సంవత్సరపు తొలి కాగితాన్ని ఒక్క తొట్టిలో తీసి, దానిపై ఏటితల్లి పేరు రాసి ఆమెకు సమర్పించాకే మిగతా తొట్లు నింపాలి. అది చెడితే మరొకటి పెట్టరాదు, ఆ యేడంతా తొట్లు బోర్లించవలసిందే. అంతటి కాగితాన్ని ఒసుమి అతిథి చేతికిచ్చి, దేవి పేరు నీ లిపిలో రాయమని కోరింది. ఆనందం పట్టలేని ఆ వృద్ధుడు కుంచె సంగతే మరచి, అలవాటు కొద్దీ కాగితాన్ని అరచేతిలో పరచుకుని, మొలలోని ఇనుప గంటం తీసి, తాటాకు మీద గీరినట్టే ‘అమ్మ’ అని నొక్కి రాశాడు. గీతగీతకూ చిల్లులు పడ్డాయి.

“నా చేతులు విరిగిపోనూ! ముప్పై ఇళ్ల కూడు చించేశాను తల్లీ!” అని గొల్లుమన్నాడు.

“ఏడవకు నాయనా. ఉన్నదున్నట్టు అమ్మకే చూపిద్దాం, పద” అంది ఒసుమి.

ఊరంతా గుండె చిక్కబట్టుకుని వెంట నడవగా, ఆమె ఉదయపుటెండ పడుతున్న దేవీశిల ముందు నిలిచి కాగితాన్ని రెండు చేతులా పైకెత్తింది. చిల్లులగుండా వెలుగు దూరి, నల్లని శిలపై ఆ రెండక్షరాలూ బంగారు వన్నెతో నిలిచాయి. సూరపరాజు చదివి వినిపించాడు. పూజారి చేతులెత్తి మొక్కి, “ఇన్నాళ్లూ మనం రాసి ఇచ్చాం, ఇవాళ అమ్మ తానే తన ఒంటిమీద రాసుకుంది. ఇంకా చూస్తారేం, తొట్లు నింపండర్రా!” అని కేక పెట్టాడు. ఆ మధ్యాహ్నం షిరోసేలో నవ్వని ముఖం లేదు.

నాటినుండి ఆ తల్లికి వెలుగురాత దేవి అని పేరు. నేటికీ కాగితపు పని నేర్వడానికి వచ్చిన పరదేశీయులు తాము తీసిన కాగితంపై సూదితో తమ కన్నతల్లి పేరు పొడిచి, ఆ శిల ముందు ఎత్తిపట్టి మురిసిపోతారు. చేయి తిరగక చించుకున్నవారు సిగ్గుతో వెనక నక్కితే, పూజారులు వెదకి మరీ వాళ్లనే అందరికన్నా ముందు పిలుస్తారు.